ఆ గది తాళం తీయండి: మన హైస్కూల్ స్కౌట్ ట్రూప్ గురించి ఒక బహిరంగ లేఖ

మన హైస్కూల్ యాజమాన్య కమిటీ సభ్యులకు, హెడ్మాస్టర్ గారికి, ఉపాధ్యాయులకు, ఈ బడిలో చదువుకుని నలుదిక్కులా స్థిరపడిన పాత విద్యార్థులందరికీ నమస్కారం.

మొన్న దసరా సెలవులకు ఊరికి వచ్చినప్పుడు బడి ఆవరణలోకి వెళ్ళాను. బావి పక్క వరండా చివర మూల గది తాళం వేసి ఉంది. కిటికీ రెక్క ఒకటి ఊడి వేలాడుతుంటే లోపలికి తొంగి చూశాను. విరిగిన బెంచీలు, పాత అట్టపెట్టెలు, ఒక సైకిల్ చక్రం. గోడ మీద మాత్రం నీలం పెయింట్‌తో మేం రాసుకున్న స్కౌట్ నినాదం, రెండు మాటలు, ఇంకా కనబడుతున్నాయి: 'సిద్ధంగా ఉండు'. దాని కింద బెంచీల మధ్య చెదలు పట్టిన పుస్తకాల కట్ట ఒకటి ఉంది. అట్టల రంగు చూడగానే గుర్తుపట్టాను. అవి మన ట్రూప్ ఎప్పుడేం చేసిందో రాసుకున్న లాగ్‌బుక్కులు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఈ లేఖ రాస్తున్నాను.

ఇప్పుడు బడిలో ఉన్న చాలామందికి ఇక్కడ ఒక స్కౌట్ ట్రూప్, అంటే సేవా క్రమశిక్షణా నేర్పే పిల్లల దళం, ఉండేదని తెలియకపోవచ్చు. తప్పు వాళ్ళది కాదు. మా స్కౌట్ మాస్టారు రిటైరయ్యాక ఆయన చోటులోకి ఎవరూ రాలేదు. అడిగి మళ్ళీ మొదలుపెట్టించాల్సిన మాలాంటి వాళ్ళం ఉద్యోగాలకని వెళ్ళిపోయాం. ఈ విషయంలో మిమ్మల్ని నిందించే ముందు నన్ను నేనే నిందించుకుంటాను.

నేను స్కౌట్ కావడానికి కారణం 1986 ఆగస్టు వరద. అప్పుడు నేను నాలుగో తరగతి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అది. గోదావరి గట్టు మీద బతికే మనకు ఆ అంకె గురించి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. లంకల్లోంచి జనం పడవల మీద వచ్చి మన హైస్కూల్లో తలదాచుకున్నారు. మా ఇంట్లోకి కూడా నీళ్ళొస్తే అమ్మ నన్నూ చెల్లినీ తీసుకుని ఆ బడికే వచ్చింది. వరండా నిండా మనుషులు, మేకలు, తడిసిన బియ్యం మూటలు. ఆ గందరగోళంలో మెడకు ఎర్ర స్కార్ఫులు కట్టుకున్న కుర్రాళ్ళు కొందరు అటూ ఇటూ తిరుగుతూ కనిపించారు. పన్నెండేళ్ళ వాడు, పదిహేనేళ్ళ వాడు, అంతే.

వాళ్ళేదో పడవలెక్కి వీరోచితంగా మనుషుల్ని కాపాడారని చెప్పను. ఆ పని పెద్దవాళ్ళూ, పడవల వాళ్ళూ చేశారు. ఈ కుర్రాళ్ళు చేసింది వేరే. ఒకడు నోట్‌బుక్ పట్టుకుని ఏ గదిలో ఏ ఇంటివాళ్ళున్నారో పేర్లు రాసుకుంటున్నాడు. మనిషి కనబడక ఏడుస్తున్న వాళ్ళు ముందు అతని దగ్గరికే వెళ్ళేవారు. ఇద్దరు పెద్ద డేగిసాలో నీళ్ళు కాచి, చల్లార్చి, మూత పెట్టి, ఆ నీళ్ళే తాగమని గదిగదికీ తిరిగి చెబుతున్నారు. ఇంకో నలుగురు బడి వెనక ఎత్తు నేల మీద కందకం తవ్వి, చుట్టూ గోనెసంచులతో తడిక కట్టి, ఆడవాళ్ళకు మరుగుదొడ్డి ఏర్పాటు చేశారు. పక్కనే మట్టి కుప్పా, ఒక రేకు డబ్బా. వాడినవాళ్ళు కాస్త మట్టి వేసి రావాలి. ఆ రోజుల్లో అదెంత పెద్ద సాయమో నాకు అర్థం కాలేదు. అమ్మ మాత్రం చాలా ఏళ్ళు చెప్పుకుంది, 'ఆ పిల్లల్ని కన్న తల్లులు చల్లగా ఉండాలి' అని.

ఆరో తరగతిలో చేరిన మొదటి వారమే వెళ్ళి మాస్టారి ముందు నిలబడ్డాను. స్కౌట్ మాస్టారంటే వేరే ఎవరో కాదు, మాకు తెలుగు చెప్పే మాస్టారే. ఆయన నన్ను పేరు అడగలేదు. ఒక తాడు ముక్క చేతికిచ్చి, 'రేపటికి రీఫ్ నాట్ నేర్చుకుని రా' అన్నారు. కుడిది ఎడమ మీదుగా, ఎడమది కుడి మీదుగా. బల్లపరుపుగా కూర్చుంటుంది కాబట్టి కట్టు కట్టినప్పుడు ఒత్తుకోదు. గుంజకు వేసే క్లోవ్ హిచ్ చూసి, మా నాన్న ఎద్దును కట్టే ముడి ఇదే కదా అని ఆశ్చర్యపోయాను. బోలైన్ వేరు. దాని ఉచ్చు బిగుసుకోదు, జారిపోదు. నీళ్ళలో ఉన్న మనిషికి తాడు విసరాలంటే ఆ ముడే వేయాలి. గోదావరి ఒడ్డు పిల్లలకు ఎక్కాలతో పాటు రావాల్సిన ముడి అదని మాస్టారు అనేవారు. ఇవాళ మన బడిలో ఎంతమంది పిల్లలకు వస్తుంది? దయచేసి ఒక్కసారి అడిగి చూడండి.

ఇదంతా ఎక్కడి నుంచి వచ్చిందో కూడా మాస్టారే చెప్పారు. 1907 ఆగస్టులో బేడెన్ పావెల్ అనే సైనికాధికారి ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవికి సుమారు ఇరవై మంది పిల్లల్ని తీసుకెళ్ళి క్యాంపు పెట్టాడు. పెద్దింటి బడుల పిల్లల్నీ, పనివాళ్ళ పిల్లల్నీ కలిపి నాలుగు జట్లు చేశాడు. ఆ జట్టునే పెట్రోల్ అంటారు. రెండేళ్ళకే, 1909లో, బెంగళూరులో మన దేశపు మొదటి ట్రూప్ మొదలైంది. కానీ ఆ తొలి రోజుల్లో అది తెల్లవాళ్ళ పిల్లలకూ, ఆంగ్లో ఇండియన్ పిల్లలకే. మన పిల్లలకు ప్రవేశం లేదు.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. 'స్కౌట్ అంటే బ్రిటిష్ వాళ్ళు వదిలిపెట్టి వెళ్ళిన కవాతు కదా, ఇప్పుడెందుకు?' అని కమిటీలో ఒక పెద్దాయన అన్నారని విన్నాను. ఆయన మీద నాకు గౌరవం ఉంది, అందుకే జవాబు చెబుతున్నాను. తలుపు మూసినప్పుడు మనవాళ్ళు ఊరుకోలేదు. 1916లో అనిబిసెంట్ మద్రాసులో భారతీయ పిల్లల కోసం విడిగా స్కౌట్ సంఘం పెట్టారు. మదనపల్లె కాలేజీ వల్ల మన తెలుగువాళ్ళకు ఆమె పేరు బాగా తెలుసు. ఆ పిల్లలు టోపీలకు బదులు తలపాగాలు చుట్టుకున్నారు, మన పాటలు పాడుకున్నారు. అటు అలహాబాదులో మదన్ మోహన్ మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరామ్ బాజ్‌పాయ్ కలిసి సేవాసమితి స్కౌట్లను నడిపారు. స్వాతంత్ర్యం వచ్చాక వేర్వేరు సంఘాలు ఒక్కటై, 1950 నవంబర్ 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడింది. మరుసటి ఏడాది ఆగస్టు 15న ఆడపిల్లల గైడ్ల సంఘం కూడా అందులో కలిసింది. బ్యాడ్జీలో ఆ కథంతా ఉంది: స్కౌట్ల పువ్వు గుర్తు, దాని మీద గైడ్ల మూడు రేకుల ఆకు, నడుమ మన అశోక చక్రం. 1953లో ఆ సంస్థ తొలి జాతీయ జాంబోరీ, అంటే స్కౌట్ల పెద్ద సమ్మేళనం, జరిగింది మన హైదరాబాద్‌లోనే. ఇది ఎవరో వదిలేసి వెళ్ళిన వస్తువు కాదండీ. మనవాళ్ళు పోరాడి మనదిగా చేసుకున్నది.

మాట ఇవ్వడంలోనూ మనకు తగ్గట్టు మార్పు ఉంది. మూడు వేళ్ళెత్తి, దేవుడి పట్ల, దేశం పట్ల నా విధి నిర్వర్తిస్తాననీ, ఇతరులకు సాయపడతాననీ, స్కౌట్ నియమాన్ని పాటిస్తాననీ ప్రమాణం చేస్తాం. 'దేవుడు' అనే చోట కావాలంటే 'ధర్మం' అనొచ్చు. నియమాలు తొమ్మిది. ఆరోదాన్ని మాస్టారు మళ్ళీ మళ్ళీ చెప్పించేవారు: స్కౌట్ క్రమశిక్షణ కలవాడు, ప్రజల ఆస్తిని కాపాడతాడు. బెంచీ మీద పేరు చెక్కిన వాడు శనివారం అందరి ముందూ గరుకు కాగితంతో దాన్ని రుద్ది నున్నగా చేయాల్సిందే. తిట్టడం, కొట్టడం ఉండేది కాదు.

శనివారం మధ్యాహ్నం మూడున్నరకు విజిల్. గుర్రపు నాడా ఆకారంలో నిలబడేవాళ్ళం. మధ్యలో జెండా కర్ర. మడత పెట్టిన జెండాలో బంతిపూల రేకులుండేవి, తాడు లాగగానే మీద రాలేవి. పువ్వులు తెచ్చే పని వారానికో పెట్రోల్‌ది. మాది డేగ పెట్రోల్. ఎనిమిది మందిమి. మా లీడర్ కంసాలి వీధి అబ్బాయి, నాకన్నా వయసులో పెద్ద. మాలపల్లి నుంచి ఇద్దరు, రాజుగారి మనవడు ఒకడు, నేనూ, చెరువు వీధి నుంచి ముగ్గురు. మామూలు రోజుల్లో ఒకరింటికి ఒకరం వెళ్ళే వాళ్ళం కాదు. క్యాంపులో ఒకే పొయ్యి, ఒకే కుండ. మట్టి మెత్తిన బంగాళాదుంపల్ని నిప్పుల్లో కాల్చి, పెంకు పగలగొట్టి, ఉప్పూ కారం చల్లుకుని ఒకే ఆకులో తిన్నాం. ఆ సంగతి ఇంట్లో చెబితే గొడవైన ఇళ్ళున్నాయి. అయినా తర్వాతి క్యాంపుకు ఒక్కడు కూడా మానలేదు. నా మటుకు నాకు స్కౌటింగ్ ఇచ్చిన అన్నిటిలోకీ విలువైంది ఆ ఆకే.

మన ట్రూప్‌కు మాత్రమే ఉన్న ఆచారాలు కొన్ని ఉన్నాయి. ఏ రూల్ పుస్తకంలోనూ ఉండవు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. క్యాంపులో మొదటి రోజు వండిన అన్నం ముందుగా బడి వాచ్‌మన్‌కు పెట్టాలి. ఆయన తిని బాగుందంటేనే మేం కూర్చోవాలి. రెండోది ముడుల తాడు. గదిలో ఒక పొడవాటి కొబ్బరి తాడు గోడకు వేలాడేది. కొత్తగా చేరినవాడు దాని మీద తన ముడి వేయాలి. పదో తరగతి అయి వెళ్ళేటప్పుడు ఆ ముడి తనే విప్పాలి, విప్పిన చోట కొత్తవాడు తన ముడి వేయాలి. నా ముడి ఎవరు విప్పినదాని చోట వేశానో, నేను విప్పిన చోట ఎవరు వేశారో నాకు ఇప్పటికీ గుర్తే. చివరికి మిగిలిన వాళ్ళ ముడులు ఎవరూ విప్పలేదు. కిటికీలోంచి చూసినప్పుడు ఆ తాడు కనబడలేదు. ఎవరైనా తీసి దాచి ఉంటే దయచేసి చెప్పండి.

ఇక ఖరీ కమాయి, అంటే కష్టార్జితం. ఏడాదికోసారి ఇంటింటికీ వెళ్ళి పని అడిగి, చేసి, ఇచ్చింది తీసుకోవాలి. ఊరికే ఇస్తే తీసుకోకూడదు. కొబ్బరికాయల పీచు తీశాం, అరుగులకు సున్నం వేశాం, మిల్లుకు ధాన్యం మోశాం. ఒక బామ్మ గారు మా చేత మినుములు ఏరించుకుని, రూపాయి ఇచ్చి, నాలుగు సున్నుండలు కూడా పెట్టారు. సున్నుండలు తీసుకోవచ్చా లేదా అని మేం గేటు బయట చాలాసేపు తర్జనభర్జన పడ్డాం. మూడేళ్ళ డబ్బుతో ఒక టెంటు కొన్నాం. ఆ టెంటు తర్వాత పెళ్ళి పందిళ్ళ పక్కన వంటవాళ్ళ కోసం అద్దెకు తిరిగి చిరిగిపోయిందని విన్నాను. ఏ కాలంలో, ఎవరి నిర్ణయం వల్ల అన్నది ఇప్పుడు అనవసరం. కానీ అది పిల్లలు ధాన్యం మోసి కొన్నదని తెలిసుంటే అలా జరిగేది కాదు. ఆ లాగ్‌బుక్కుల్లో పైసలతో సహా లెక్క ఉంది.

1991 పుష్కరాలు వచ్చేసరికి నేను తొమ్మిదో తరగతి. కొవ్వూరు గోష్పాద క్షేత్రం దగ్గర మాకు డ్యూటీ పడింది. రెండు పూటలూ షిఫ్టులు. మంచినీళ్ళు ఇవ్వడం, ముసలివాళ్ళను మెట్లు దించి ఎక్కించడం, తప్పిపోయిన పిల్లల్ని కూర్చోబెట్టి పేరు కనుక్కోవడం. ఏడుస్తున్న పిల్లను 'మీ ఊరేది' అని అడిగితే జవాబు రాదు. 'మీ ఇంట్లో ఆవు ఉందా, దాని పేరేంటి' అని అడగాలి. అప్పుడు మాట వస్తుంది. అది మాకు మాస్టారు ముందే నేర్పారు. ఒక సాయంత్రం మెట్ల మీద ఒక్కసారిగా జనం పెరిగారు. పైనున్నవాళ్ళు తోస్తున్నారు, కింద ఉన్నవాళ్ళకు అడుగు ఆనడం లేదు. మా లీడర్ విజిల్ ఊదాడు. పదహారు మందిమి మా కర్రలు అడ్డంగా పట్టుకుని, ఒకరి కర్ర ఒకరం పట్టుకుని రెండు వరుసలు కట్టాం. దిగేవాళ్ళకు ఒక దారి, ఎక్కేవాళ్ళకు ఒక దారి. పోలీసులు వచ్చేదాకా అలాగే నిలబడ్డాం. నా మోకాళ్ళు వణుకుతూనే ఉన్నాయి. ఆ రోజు ఎవరికీ ఏమీ కాలేదు.

2015 జూలై 14న, పుష్కరాల మొదటి రోజు, రాజమహేంద్రవరం ఘాట్‌లో తొక్కిసలాట జరిగి కనీసం ఇరవై ఏడు మంది చనిపోయారని టీవీలో చూసినప్పుడు నాకు ఆ మెట్లే గుర్తొచ్చాయి. స్కౌట్లు ఉంటే అది ఆగేదని నేను అనడం లేదు. అలా అనడం చనిపోయినవాళ్ళ కుటుంబాల పట్ల అన్యాయం. కానీ జనంలో ఎలా నిలబడాలో, ఎలా దారి వదలాలో చిన్నప్పుడే నేర్చుకున్న మనుషులు ఒక ఊళ్ళో పాతికమంది ఉండటానికీ, ఒక్కరూ లేకపోవడానికీ తేడా ఉంటుంది. 2027లో మళ్ళీ గోదావరి పుష్కరాలు. ఇంకా రెండేళ్ళు కూడా లేవు. ఇప్పుడు ఏడో తరగతిలో ఉన్న పిల్లలకు ఇవాళ మొదలుపెడితే అప్పటికి చేతులు తిరుగుతాయి.

నేను అడుగుతున్నది పెద్దది కాదు. ఆ మూల గది ఖాళీ చేసి ఇవ్వండి. సున్నం, కిటికీ రెక్క, బల్లలు మేం పాత విద్యార్థులం చూసుకుంటాం. ఇప్పటికి పదకొండు మందితో మాట్లాడాను, అందరూ సరేనన్నారు. శనివారం నో బ్యాగ్ డే అంటున్నారు కాబట్టి టైమ్‌టేబుల్‌లో చోటు దొరకడం మునుపటంత కష్టం కాదు. రెండు గంటలు చాలు. ఆసక్తి ఉన్న ఒక మాస్టారినీ, ఒక టీచరమ్మనూ ఏడు రోజుల బేసిక్ కోర్సుకు పంపండి. ఇష్టం లేనివాళ్ళకు డ్యూటీ వేయొద్దని చేతులెత్తి అడుగుతున్నాను. బలవంతపు స్కౌట్ మాస్టారు కంటే మాస్టారు లేకపోవడం నయం.

టీచరమ్మ అని ఎందుకన్నానంటే, మా రోజుల్లో ఆడపిల్లలకు గైడ్ కంపెనీ, అంటే వాళ్ళ ట్రూప్, లేదు. మా చెల్లి వరండాలో నిలబడి మా ముడులు చూసి నేర్చుకునేది. నాకంటే బాగా వేసేది. తనను లోపలికి పిలవాలని మాకెవరికీ తోచలేదు. ఇప్పుడు ట్రూప్‌తో పాటే గైడ్ కంపెనీ కూడా మొదలవ్వాలి. గైడ్ పెట్రోళ్ళకు పూల పేర్లు పెడతారు. మన ఊరికి కొదవా? మల్లె, చేమంతి, కనకాంబరం.

తల్లిదండ్రులు ఒకటి అడుగుతారని తెలుసు: మార్కుల సంగతేంటి, దీనివల్ల ఉపయోగమేంటి? ప్రవేశ్ అనే తొలి మెట్టు నుంచి సోపానాలు దాటి రాజ్య పురస్కార్, ఆపైన రాష్ట్రపతి అవార్డు దాకా వెళ్ళిన వాళ్ళకు రైల్వేల్లో స్కౌట్స్ అండ్ గైడ్స్ కోటా ఉద్యోగాలకు అర్హత ఉంటుంది. అది నిజమే, చెప్పకుండా ఉండను. కానీ ఆ మాట మొదట చెప్పి పిల్లల్ని చేర్చుకోవద్దని నా మనవి. సర్టిఫికెట్ కోసం వచ్చినవాడు సర్టిఫికెట్ రాగానే వెళ్ళిపోతాడు. మొదట తాడు ముక్క ఇవ్వండి. పదో తరగతి టెన్షన్ గురించి భయపడే వాళ్ళకు ఒక మాట. మా డేగ పెట్రోల్లో ఎనిమిది మందిమీ పదో తరగతి మొదటిసారికే పాసయ్యాం. లెక్కల్లో వెనకబడ్డ ఇద్దరికి మిగిలినవాళ్ళం ఆ మూల గదిలోనే లాంతరు పెట్టుకుని చెప్పాం. ఎవరూ చెప్పమనలేదు. అది ఆ వారం స్కౌట్లుగా మేం చేయాల్సిన 'మంచి పని'.

లాగ్‌బుక్కుల సంగతి మాత్రం ఆలస్యం చేయొద్దు. చెదలు ఆగవు. 1986 వరదలో ఏ గదిలో ఎవరున్నారో ఆ కుర్రాడు రాసుకున్న పేర్లు అందులో ఎక్కడో ఉండే ఉంటాయి. మా అమ్మ పేరు కూడా. అమ్మ ఇప్పుడు లేదు. ఆ పేజీ చూడాలని ఉంది. పుస్తకాలు బయటికి తెచ్చి ఎండలో ఆరబెట్టి, పేజీ పేజీ ఫోటో తీసి, అసలువి బడికే అప్పగిస్తాను. రసీదు రాసిచ్చి తీసుకెళ్తాను.

ఈ 2025 నవంబర్ 7కి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ మొదలై 75 ఏళ్ళు. శుక్రవారం పడింది. ఆ రోజు పొద్దున్నే నేను ఊళ్ళో ఉంటాను. మా లీడర్ కూడా విజయవాడ నుంచి వస్తానన్నాడు. మాస్టారికి ఇప్పుడు ఎనభై దాటింది, నడవలేరు, ఆటోలో తీసుకొస్తాం. కొత్త కొబ్బరి తాడు ఒకటి కొనిపెట్టాను.

గది తాళం ఎవరి దగ్గరుందో దయచేసి ఆలోగా చెప్పండి.

ఇట్లు,
మన బడి పాత స్కౌట్,
డేగ పెట్రోల్